ఏరువాకకు ముందే విప్పిన పురి

"ఎద్దుల్ని కూడా రాసుకోవాలమ్మా," అన్నాడు రమణమూర్తి.

కుడితి కుండతో పశువుల శాలకేసి వెళుతున్న వరహాలమ్మ వాకిట్లోనే ఆగింది. కోర్టు వేసిన రిసీవరుగారి గుమాస్తా అతను. పొద్దుటి నుంచీ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగి రాసుకుంటూనే ఉన్నాడు. పట్టెమంచం, ఇత్తడి గంగాళం, మామగారి నాటి భోషాణం, పలాస కొట్లో వాడిన త్రాసు, ఇవన్నీ ఒక పట్టీలోకి ఎక్కాయి. వండుకునే గిన్నెలు, కప్పుకునే బొంతలు, కట్టుబట్టలు, ఆమె మెడలో పుస్తె ఇంకో పట్టీలోకి ఎక్కాయి. మొదటిది పోయేది, రెండోది మిగిలేది.

పుస్తెను పైకి చదివి రాసుకుంటుంటే ఆమెకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. అయినా పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది. ఎద్దులు రెండో పట్టీలోకే వస్తాయని ఆమె ధీమా.

"మిగిలేవాట్లోనే గదా బాబూ, రాసుకోండి," అంది.

"అందులో కాదమ్మా. పోయేవాట్లో."

"అదేటి! రైతు ఎద్దులూ, నాగలీ, ఇత్తనం ఎవలూ ముట్టుకోరని ప్లీడరుగారి గుమాస్తా ఈ అరుగు మీదే కూకోని సెప్పినాడు. పెమాణకం సేసి మరీ సెప్పినాడు."

"ఆయన చెప్పింది అబద్ధం కాదు. రైతు దివాలా తీసినా అవి అతనికి వదిలెయ్యాలి. చట్టమే చెబుతోంది. ఎద్దు లేకపోతే రైతు ఏం చేసుకుని బతుకుతాడు?" రమణమూర్తి మెత్తని మనిషి. తను చేసే పని మెత్తనిది కాకపోవడం వల్ల కాబోలు, ప్రతి మాటా రెండుసార్లు నమిలి మరీ బయటపెడతాడు. "కానీ మీ ఆయన రైతు కాడు కదమ్మా."

వరహాలమ్మకు నవ్వొచ్చింది. నాలుగు తరాలుగా ఈ ఇసకనేలను నమ్ముకుని వరి పండించి, కొబ్బరి వేసుకున్న కొంపలో నిలబడి అనే మాటేనా అది?

గుమాస్తా నవ్వలేదు. తోలుసంచీలోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది మీ ఆయన కోర్టులో దాఖలు చేసుకున్న ఐపీ అర్జీకి, అదే దివాలా అర్జీకి, నకలు. చదువుతాను విను. 'బమ్మిడి కూర్మనాథం, వృత్తి వర్తకం.' కింద చేవ్రాలు కూడా ఆయనదే."

వరహాలమ్మ కుండ కింద పెట్టి అరుగుకేసి తిరిగింది. కూర్మనాథం స్తంభానికి జారబడి, కండువా అంచు పోగులు లాగుతూ కూర్చున్నాడు.

"బావా, రైతునని రాయించలేదా నువ్వు?"

అతను ఇంకో పోగు లాగాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఏటని సెప్పేవు ఆళ్లకి?"

"ఏటి పని సేత్తావు అనడిగినారు. కొబ్బరి వర్తకం అన్నాను. నోటికి అలవాటైపోనాది."

"దివాలా తీత్తూ కూడా వర్తకుడివేనా! కోర్టు మెట్ల మీద నిలబడి కూడా ఆ గొప్పే!"

"నోరు ముయ్యవే. నలుగురున్నారు."

"ఆ నలుగురూ మన కుండలు లెక్కెట్టడానికే వొచ్చినారు. ఇంకెవరికి దాసేది సిగ్గు?"

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని సామెత. కూర్మనాథం ఉట్టి దాకా బాగానే ఎగిరాడు. ఎనిమిదేళ్ల కిందట తన తోటలో కాయలు తనే బండి కట్టుకుని పలాస తోలుకుపోయి నాలుగు డబ్బులు చూశాడు. మరుసటేడు పక్క తోటల కాయలు కూడా కొన్నాడు. ఆ పై ఏడు రైలుస్టేషనుకు దగ్గర్లో కొట్టు పెట్టి, 'కొబ్బరి వర్తకులు' అని పెద్దక్షరాలతో బల్ల రాయించి కట్టాడు. అది కట్టిన నాడే నాగలి మేడి వదిలాడు. బురద కాళ్లతో గద్దె మీద కూర్చుంటే బేరం నిలవదన్నాడు. అప్పటి నుంచీ పొలం కూలికి కుదిరిన కంబారి దున్నాడు, వరహాలమ్మ చూసుకుంది. ధర పడిపోయి కొట్టు మూతపడ్డాక కంబారి కూడా కూలి రాక వెళ్లిపోయాడు. బల్ల మాత్రం ఇంటికి తిరిగొచ్చి వంటింటి మూల నిలబడింది. రమణమూర్తి పొద్దున్న దాన్ని కూడా పట్టీలో రాసుకున్నాడు.

బండి నొగ మీద కూర్చున్న పోలారావు చుట్ట తీసి ఉమ్మేశాడు. పలాసలో అప్పు ఇచ్చింది అతనే. రాసేవి సరిగ్గా రాస్తున్నారో లేదో చూడ్డానికి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

"నా కాడ నోటు రాసినప్పుడూ అలగే రాసినాడు వదినా. వర్తకుడినని రొమ్ము ఇరుసుకుని రాసినాడు. రైతైతే అంత అప్పు ఇద్దునా నాను?"



"సరే," అన్నాడు రమణమూర్తి. "ఎద్దులు రెండు. నాగలి, కాడి. ఇంటి సంగతి జడ్జీగారు తేలుస్తారు. ఇక విత్తనాలు. అవెక్కడున్నాయమ్మా?"

వరహాలమ్మ నడవాకేసి చూడకుండా కళ్లు దించుకుంది.

విత్తనం ఎక్కడుంటుంది, పురిలో ఉంటుంది. నడవా మూల, గడ్డితాడు చుట్టలు చుట్టలుగా పేర్చి కట్టిన పురిలో. దాన్ని ఏరువాక పున్నమినాడు పసుపు నీళ్లు చల్లి విప్పాలి. అంతకు ముందు ఎవరూ విప్పరు, చెయ్యి పెట్టరు. ముందే విప్పిన పురిలో గింజ మొలకెత్తదని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. పున్నమి ఇంకా నాలుగు రోజులుంది.

నెలకు ముందు, ప్లీడరు గుమాస్తా 'విత్తనం ఎవరూ ముట్టుకోరు' అని చెప్పి వెళ్లిన మధ్యాహ్నమే, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి ఆమె ఆ పురి కొస విప్పింది. భుజం దాకా గింజల్లోకి చెయ్యి దూర్చి, పాత రవికగుడ్డలో చుట్టిన బంగారు కంటెను అడుగున పెట్టింది. అమ్మ ఆమె మెడలో పెట్టిన కంటె అది. తప్పు చేస్తున్నానని తెలుసు. భూమాతకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ముట్టుకోని పట్టీలో పడే వస్తువులో దాస్తే ముట్టుకోరని ఆమె తెలివి. మొగుడితో చెప్పలేదు, అత్తతో చెప్పలేదు.

ఇప్పుడా విత్తనమే పోయే పట్టీలో పడింది. పురి విప్పుతారు, గింజలు కొలుస్తారు, కంటె బయటపడుతుంది. పొద్దున్న రాత మొదలుపెట్టే ముందు రమణమూర్తి అందరికీ వినబడేలా చెప్పిన మాట ఆమె చెవుల్లో గింగురుమంటోంది. 'గురిగింజ ఎత్తు బంగారం దాచినట్టు తేలినా దివాలా మంజూరు కాదు సరికదా, కూర్మనాథం జైలుకి పోవలసి వస్తుంది.'

"రైతే బాబూ!" అంది వరహాలమ్మ. "కాయితం మీద ఏది పడితే అది రాయించుకున్నాడు గానీ, రైతే. శిస్తు కట్టిన రసీదులున్నాయి, తెత్తానుండండి."

"పొలమున్న వాళ్లంతా రైతులు కారమ్మా. నేనూ ఎకరం చెక్కకి శిస్తు కడతాను. నాగలి పట్టమంటే పారిపోతాను. కిందటేడు ఎవరు దున్నారు?"

"కంబారి."

"ఊడ్పులు?"

"నాను సూసుకున్నాను."

"మరి ఆయన?"

అరుగు చివర కూర్చుని అన్నీ వింటున్న అత్త నూకాలమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"మా నాయన దున్నీవోడు, మా ఇంటాయన దున్నీవోడు. వీడి కాలు నాగేటి సాలులోనే ఊనినాది బాబూ. పుట్టుకతో రైతు. నాకు కళ్లు కానరావు గానీ, నిజం కానొత్తాది."

రమణమూర్తి కాగితం మడిచాడు, మళ్లీ విప్పాడు.

"చూడండి. నేను కళ్లతో చూసింది రాసేవాణ్ణి, అంతే. ఆయన సేద్యం చేసే మనిషేనని నాకు తోస్తే ఆ మాటే రాస్తాను. జడ్జీగారు తేల్చేదాకా ఎద్దుల్నీ విత్తనాన్నీ కదపను. కూర్మనాథం, పెరటి మడిలో నాలుగు చాళ్లు దున్ని చూపించగలవా?"

"ఏరువాక రాకుండా నాగలి కట్టడవేటి!" అని నూకాలమ్మ చెవులు మూసుకుంది.

వరహాలమ్మ మొగుడి ముఖం చూసింది. చెయ్యడని ఆమెకు తెలుసు. ఆరేళ్లుగా ఇస్త్రీ పంచె మోకాలి పైకి ఎత్తని మనిషి. పోలారావు కళ్ల ముందు, అతని మనుషుల కళ్ల ముందు, మళ్లీ గోచీ పెట్టి మేడి పడతాడా? తల తెగినా పట్టడు.

కూర్మనాథం లేచాడు. కండువా తీసి అరుగు మీద పడేశాడు.

"కడతాను," అన్నాడు.

పంచె ఎగదీసి గోచీ బిగించాడు. పిక్కలు తెల్లగా, పట్నం వాడివిలా ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో ఇతను దున్ని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోసిన పొద్దులు వరహాలమ్మకు గుర్తొచ్చాయి. ఎంత పొగరుబోతైనా ఇంటి మీదికి వచ్చేసరికి వంగాడు. ఆడది ఇంకేం కోరుకుంటుంది? పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనసులో అతన్ని తిట్టుకున్న తిట్లన్నిటికీ ఆమె ఆ క్షణాన సిగ్గుపడింది.

"ఒక్క షరతు," అన్నాడు రమణమూర్తి. "ఎవరూ పక్కనుంచి మాట అందించకూడదు."

తొలకరి పడి మూడు రోజులైంది. పెరటి మడి మెత్తగానే ఉంది. కూర్మనాథం శాలలోంచి ఎద్దుల్ని తోలుకొచ్చాడు. కాడి ఎత్తాడు, మెడల మీద పెట్టాడు, పట్టెడలు బిగించాడు.

వరహాలమ్మ నాలుక కరుచుకుంది.

ఎర్రెద్దు ఎలపటిది. కాడి ఎక్కిన దగ్గర్నుంచీ కుడివైపే కట్టారు, ఎడమవైపు నడవడం దానికి తెలియదు. తెల్లెద్దు దాపటిది. కూర్మనాథం ఎర్రదాన్ని ఎడమకీ, తెల్లదాన్ని కుడికీ కట్టాడు. ఒక్క మాట, 'అటు కాదు' అన్న ఒక్క మాట అంటే చాలు. ఆమె పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"హై! దా! హై!" అన్నాడు కూర్మనాథం.

ఎద్దులు కదల్లేదు. ములుకర్రతో పొడిచాడు. తెల్లెద్దు ముందుకు తోసింది, ఎర్రెద్దు వెనక్కి లాగింది. కాడి మెలి తిరిగింది. కర్రు ఒకచోట నేల గీసి, ఇంకోచోట గాలిలోకి లేచింది. రెండు బారలు కూడా పోకుండానే చాలు పాములా వంకర్లు పోయింది. ఎండకి, అవమానానికి కూర్మనాథం వీపు నిండా చెమట కారింది. మళ్లీ "హై!" అన్నాడు. గొంతు గుర్తుపట్టలేదు కాబోలు, ఎర్రెద్దు మెడ తిప్పి, కాడినీ తెల్లెద్దునీ కూడా లాక్కుంటూ మడి దాటి సరాసరి వరహాలమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి వాసన చూసింది.

పోలారావు చప్పట్లు కొట్టి నవ్వాడు.

"ఎలపటెద్దుని దాపట కట్టిన రైతుని ఈ ఉద్దానంలో ఇదే సూడ్డం! రాసుకోండి గుమాస్తాగారూ, ఇదీ రాసుకోండి!"

రమణమూర్తి నవ్వలేదు. కూర్మనాథం కేసి చూడలేదు కూడా.

"పురి బయటికి తెండి," అన్నాడు.

పోలారావు మనుషులిద్దరూ నడవాలోకి వెళ్లి పురిని దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చి ఎండలో నిలబెట్టారు. నూకాలమ్మ చప్పుడు విని అర్థం చేసుకుని, ముఖం గోడకు తిప్పుకుంది. "పచ్చి నేరం, పచ్చి నేరం" అని తనలో తనే గొణుక్కుంది.

వరహాలమ్మ కళ్లు పురి నెత్తి మీదే ఉన్నాయి. తను గడ్డితాడు కొసల్ని రెండు మెలికలు తిప్పి లోపలికి దోపింది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. ఇప్పుడక్కడ గడ్డి కొస లేదు. కొబ్బరిపీచు తాడు చుట్టి, అడ్డంగా లాగి, రైలుకెక్కే బస్తాకి వేసినట్టు ముడి వేసి ఉంది. చీకటి మూల ఉన్నన్నాళ్లూ ఆమెకు కనబడలేదు.

ఆలోచించే వ్యవధి లేదు. పోలారావు మనిషి ఆ ముడి కోసేశాడు. ఇంకొకడు కుంచం పట్టుకుని కూర్చున్నాడు.

"లాభం," అన్నాడు మొదటి కుంచం పోస్తూ. ఒకటి అనకూడదు కనక ఎవరైనా అలాగే అంటారు. ఎవరింట్లోనైనా అలాగే అంటారు. "రెండు... మూడు..."

కుంచం దిగినప్పుడల్లా వరహాలమ్మ ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు పడుతుంది రవికగుడ్డ. ఇప్పుడు. గుమాస్తా వంగి తీస్తాడు. పోలారావు లేచి నిలబడతాడు. ఎనిమిది అన్నాడు, పది అన్నాడు. పురి కుంగిపోతూ వచ్చింది. పద్నాలుగో కుంచానికి అడుగు గడ్డి కనబడింది. వాడు చేత్తో ఊడ్చాడు. నాలుగు గింజలు, కాస్త దుమ్ము.

ఇంకేమీ లేదు.

దేవుడా, బతికించావు అనుకుంది వరహాలమ్మ. అంత ఎండలో ఒళ్లు చల్లబడింది. ఆ చల్లదనం రెండు నిమిషాలు నిలిచిందో లేదో. లేకపోవడం ఏమిటి? తను పెట్టింది కదా. అడుగున, తన చేత్తో పెట్టింది కదా.

కోసి పడేసిన పీచుతాడు ఆమె కాళ్ల దగ్గరే ఉంది. ఆ ముడి ఈ ఇంట్లో ఒక్కడికే వచ్చు.

మెల్లిగా తలెత్తి కూర్మనాథం కేసి చూసింది. అతను కొబ్బరి చెట్టు మొవ్వులో ఏదో వెతుకుతున్నవాడిలా పైకి చూస్తున్నాడు.

ఇందుకా గోచీ పెట్టాడు! ఇందుకా మేడి పట్టాడు! ఇంటికోసం వంగాడనుకుంది. పురి విప్పితే తను తీసిన సంగతి పెళ్లానికి తెలిసిపోతుందని వంగాడు. కంచే చేను మేసిందని పైకి చెప్పుకునే దారి కూడా లేదు. దాచానని చెబితే కదా పోయిందని చెప్పడం.

"చివరిగా ఒక్కటి," అన్నాడు రమణమూర్తి, కొత్త కాగితం మోకాలి మీద పరుచుకుంటూ. "నిన్నే అడుగుతున్నానమ్మా. నీకు పుట్టింటివారు పెట్టినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే వేరే రాయాలి. అవి మీ ఆయనవి కావు. ఆయన అప్పులకీ వాటికీ సంబంధం లేదు. పెట్టినట్టు సాక్షి ఉంటే చాలు. ఎవరూ ముట్టుకోరు."

వరహాలమ్మకు ఆ మాట ఒక్కసారికి తలకెక్కలేదు.

"పుట్టింటోళ్లు ఎట్టినవి... ఇప్పుడు అడుగుతున్నారా బాబూ?"

"ముందు ఆయనవి తేల్చి, తరవాత నీవి అడుగుతాం. వరస అది."

"అయితే... దాయక్కర్లేదా?"

"నీ వస్తువు నువ్వు దాచుకోవడం ఎందుకమ్మా? మెడలో వేసుకుని నా ఎదురుగా తిరిగినా నేనేమీ అనను."

నెల రోజులు. నెల రోజులు ఆ పురి వంక చూస్తూ పడుకుంది, లేచింది. పెట్టెలో పెట్టుకుంటే మిగిలేది. మెడలో వేసుకుంటే మిగిలేది. దాచింది కనకనే పోయింది. వరహాలమ్మకు ఏడుపు కూడా రాలేదు.

"ఉంది బాబూ!" అంది నూకాలమ్మ, కర్ర ఊతంతో లేస్తూ. ముసలి ముఖం పొద్దుటి నుంచీ మొదటిసారి విప్పారింది. "కంటె ఉంది. బంగారు కంటె. మా అన్న పెళ్లాం దీని మెడలో ఎట్టినప్పుడు నాను పక్కనే ఉన్నాను. నానే సాచ్చి. ఎండల మల్లన్న మీద ఒట్టేసి సెప్తాను. ఒలే వరాలూ, తేవే! బాబు నీదేనని సెప్తన్నాడు గదా, తే!"

పోలారావు చుట్ట నేలకేసి నలిపాడు. నక్క కంటికి ఎర కనబడినట్టు అతనికి ఏదో కనబడింది.

"కంటెట! ఇన్నేళ్లలో నాను సూళ్లేదు. ఉంటే సూపించమనండి. లేకపోతే ఎటు పోనాదో సెప్పమనండి. ఈ నెల్లోనే అమ్మీసి ఆ డబ్బు ఎక్కడ దాసినాడో, ఆ సంగతి కూడా తేల్చండి."

"అలా అయితే వేరే సంగతి," అన్నాడు రమణమూర్తి. గొంతులో మెత్తదనం తగ్గింది. "అర్జీలో లేని డబ్బు చేతులు మారిందంటే దాచినట్టే లెక్క, నేను పైకి రాయక తప్పదు. కంటె తెచ్చి చూపించమ్మా. ఒక్క నిమిషం పని."

"తెత్తాను," అంది వరహాలమ్మ.

ఇంట్లోకి నడిచింది. లోపలి గదిలో, పొద్దున్నే బండికెక్కిన భోషాణం ఉండిన చోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో నిలబడింది. వెనక అడుగుల చప్పుడైంది. కూర్మనాథం తలుపు దగ్గరగా వేశాడు. కాళ్ల బురద ఇంకా ఆరలేదు.



"ఏది?" అంది వరహాలమ్మ.

"ఇత్తనాలు రెండు కుంచాలు అమ్ముదావని పురి ఇప్పినాను. సెయ్యెడితే మూట తగిలినాది." అతను గుసగుసగా, తొందర తొందరగా చెప్పాడు. "ఇత్తనం ముట్టలేదే. మల్లన్న తోడు. ఒక్క గింజ ముట్టలేదు."

"కంటె ఏదని అడిగేను."

"అమ్మీసి ప్లీడరుకి కట్టీసినాను. అర్జీ ఎయ్యడానికి ఆయన అడిగినంతా కట్టీసినాను. ఆ కాయితం పడకపోతే పోలారావు వారంటు తెచ్చీవోడు. నన్ను తాళ్లతో కట్టి పలాస ఈదిలో నడిపించీవోడు."

తను పురిలో దాచిన కంటె, ఆ పురిని విప్పించిన కాగితానికి ఖర్చయిందన్నమాట. వర్తకుడినని అందులో రాయించుకోవడానికి ఖర్చయింది.

"నన్ను అడిగితే నానే తీసి ఇద్దును గదా బావా."

"ఇద్దువా?"

ఇచ్చేదా తను? ఏమో. అడగలేదు కనక తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

"నువ్వు నాతో సెప్పి దాసినావా?" అన్నాడు అతను మళ్లీ. "ఇద్దరం ఒకటే సేసినాం."

"ఒకటి కాదు," అంది.

బయటి నుంచి రమణమూర్తి గొంతు వినబడింది. "దొరికిందామ్మా?"

కూర్మనాథం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెమటతో జిగటగా ఉంది ఆ చెయ్యి.

"కంటె లేదని సెప్పు. ఎప్పుడూ లేదని సెప్పు."

"మీయమ్మ ఒట్టేసినాది."

"ముసిల్దానికి మతి లేదని సెప్పు. కళ్లూ లేవు, మతీ లేదని సెప్పు. నమ్ముతారు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను జైల్లో ఎట్టించకే వరాలూ."

ఆమె చెయ్యి వదిలించుకుంది. విసురుగా కాదు, కుడితి కుండ దింపినంత నెమ్మదిగా. తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

వాకిట్లో ఎండ మొహం మీద కొట్టింది. నూకాలమ్మ కర్ర మీద గెడ్డం ఆన్చి, చప్పుడు వచ్చిన వైపు నవ్వుముఖంతో చూస్తోంది. తన అన్న కూతురికి ఒక్క వస్తువైనా మిగిలిందన్న సంతోషం ఆవిడది. పోలారావు మనుషులు ఎద్దుల మెడలకు కొత్త తాళ్లు కట్టి బండి వెనక నిలబెట్టారు. కొలిచిన విత్తనాలు గోనెల్లోకి ఎక్కాయి. ఖాళీ పురి, చుట్టలు వదిలి, నేల మీద పడి ఉంది.

"ఏమ్మా?" అన్నాడు రమణమూర్తి. "ఉందో లేదో ఒక్కటి చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తాను. రాశాక దాన్ని నేను కొట్టెయ్యలేను, నువ్వూ కొట్టెయ్యలేవు."

వరహాలమ్మ అత్త ముఖం చూసింది. వెనక, సగం వేసిన తలుపు చాటున, కూర్మనాథం ఊపిరి ఆమెకు వినబడుతోంది.

"రాసుకోండి బాబూ," అంది. "కంటె నాదే. నానే ప్లీడరుకి ఇచ్చీసినాను."

రమణమూర్తి కలం సిరాలో ముంచాడు. ఆ గొంతు విని, బండి వెనక కట్టేసిన ఎర్రెద్దు చెవులు నిక్కించి ఆమెకేసి తిరిగింది.